న్యూజెర్సీ వసంతంలో అరుదైన పిట్టలు: వలస వార్బ్లర్లనూ వడ్రంగిపిట్టలనూ కనిపెట్టడం ఎలా

ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక, పార్కింగ్ పక్కన ఓ ముసలి ఓక్ చెట్టుంది. ఏడాది పొడుగునా దాని మీద ఉడతలూ స్టార్లింగులే. ఓ మే నెల పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ తలెత్తితే, చిటారుకొమ్మన నిప్పు రాజుకున్నట్టు నారింజ గొంతు పిట్ట ఒకటి పురుగులేరుకుంటోంది. బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్, వార్బ్లర్లనే చిన్న పాటపిట్టల్లో ఒకటి. పది గ్రాముల ప్రాణం. చలికాలమంతా దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో గడిపి, గూడు కట్టుకోడానికి ఉత్తరాదికి పోతూ మా పార్కింగ్ లాట్‌లో టిఫినుకి ఆగింది. సాయంత్రం వచ్చి చూస్తే లేదు.

ఆ రోజు దొరికింది అదృష్టం. ఆ తర్వాత ఏటా చూస్తున్నది మాత్రం అదృష్టం కాదు. ఏ వారం పోవాలో, ముందురోజు రాత్రి ఏం చూసుకోవాలో, ఏ చెట్టు కింద నిలబడాలో తెలిస్తే ఉద్యోగం చేసుకుంటూ, వారానికి రెండు పొద్దున్నలు కేటాయించినా అరుదైన పిట్టలు కనబడతాయి. కార్డినల్, రాబిన్, బ్లూ జే గుర్తుపట్టగలిగి, ఆ పై మెట్టెక్కాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు తెలిసింది న్యూజెర్సీ. పద్ధతి అమెరికా తూర్పు రాష్ట్రాలన్నిటికీ పనికొస్తుంది, తేదీలు మాత్రం వారం పది రోజులు అటూ ఇటూ జరుపుకోవాలి.

1. ముందు మామూలు పిట్టల్ని కంఠతా పట్టండి

ఇది చాలామందికి నచ్చని సలహా. అరుదైనవి చూడ్డానికొస్తే చిప్పింగ్ స్పారో పాట వినమంటాడేమిటని విసుక్కుంటారు. కానీ ఏప్రిల్ ఆఖరున యెల్లో రంప్డ్ వార్బ్లర్లు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఆ గుంపులో ఒక్క కేప్ మే వార్బ్లర్ ఉండొచ్చు. మిగతా వందనీ అరక్షణంలో దాటెయ్యగలిగితేనే ఆ ఒక్కటీ కంటబడుతుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరే అమ్మమ్మ బియ్యపుగింజల్ని చూడదు. చెయ్యి ఆడుతూనే ఉంటుంది, తేడా ఉన్నచోటే కన్ను ఆగుతుంది. అదే విద్య ఇక్కడా.

అందుకని మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకులు రాకముందే రోజూ పావుగంట ఇంటి చుట్టూ నడవండి. టైట్‌మౌస్, చికడీ, రాబిన్, కార్డినల్, చిప్పింగ్ స్పారో, ఈ అయిదింటి పాటలూ వినగానే పేరు నోటికి రావాలి. రాబిన్ పాట తెలిసినవాడికే, "రాబిన్‌లా ఉంది కానీ గొంతు బొంగురుపోయింది" అనిపించినప్పుడు అది స్కార్లెట్ టానెజర్ అని తట్టేది.

బైనాక్యులర్స్ గురించి ఎక్కువ చెప్పను. 8x42 కొనండి, అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. 10x అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుందనుకుంటారు గానీ చెయ్యి వణుకు కూడా పదింతలవుతుంది, కనిపించే మేర తగ్గుతుంది, ఆకుల్లో ఎగిరే పిట్ట దొరకదు. కొన్నాక ఒక సాధన చెయ్యండి: పిట్ట మీద చూపు నిలిపి, తల కదపకుండా, బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవడం. కొత్తవాళ్లంతా కిందికి చూసి, పెట్టుకుని, మళ్లీ పైకి వెతుకుతారు. ఆలోగా పిట్ట రెండు కొమ్మలు మారుతుంది.

2. క్యాలెండర్

మార్చి మధ్యలో ఈస్టర్న్ ఫీబీ, పైన్ వార్బ్లర్ మొదలవుతాయి. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా వడ్రంగిపిట్టల వంతు: ఫ్లికర్లు, సాప్‌సకర్లు. ఏప్రిల్ మొదట్లో సెలయేళ్ల వెంట లూయిసియానా వాటర్‌త్రష్. ఏప్రిల్ 25 దాటాక రోజుకో కొత్త పిట్ట. మే 5 నుంచి 20 దాకా పండగ. సెలవు పెట్టగలిగితే ఈ పదిహేను రోజుల్లోనే పెట్టండి. న్యూజెర్సీలో 1984 నుంచి జరుగుతున్న వరల్డ్ సిరీస్ ఆఫ్ బర్డింగ్ పోటీని కూడా మే నెలలోనే పెడతారు. అందులో 24 గంటల్లో రెండు వందల రకాలు దాటిన జట్లున్నాయి.

అయితే పండగ రోజుల్లో ఒక చిక్కుంది: అప్పటికి ఆకులు నిండుతాయి. ఏప్రిల్‌లో పిట్టలు తక్కువ, కొమ్మలు ఖాళీ. మే మధ్యలో పిట్టలు ఎక్కువ, కనబడేది తోక కొస. అందుకే ఏప్రిల్ ఆఖరి వారాంతాన్ని వదులుకోవద్దంటాను.

3. రాత్రి తొమ్మిదింటికి ఫోను చూడండి

పాడే పిట్టల్లో చాలావరకు రాత్రిపూటే వలస పోతాయి. పొద్దుగూకిన అరగంట, ముప్పావుగంటకి లేస్తాయి, తెల్లవారే లోపు దిగుతాయి. రాత్రి గాలి నిలకడగా ఉంటుంది, డేగల బెడద ఉండదు, పగలంతా తినడానికి మిగులుతుంది. లక్షల్లో ఎగిరే ఈ పిట్టలు వాతావరణ శాఖ రాడార్లకి చిక్కుతాయి. ఆ రాడార్ లెక్కల ఆధారంగా నడిచే వెబ్‌సైటే బర్డ్‌క్యాస్ట్. వసంతంలో మార్చి 1 నుంచి జూన్ 15 దాకా, మీ కౌంటీ మీదుగా ఆ రాత్రి ఎన్ని పిట్టలు దాటుతున్నాయో అంచనా చూపిస్తుంది.

కానీ ఆ అంకె ఒక్కటీ చూసి అలారం పెట్టుకోకండి. దాటేవి వేరు, దిగేవి వేరు. గాలి నైరుతి నుంచి, అంటే వెనక నుంచి తోస్తూ, ఆకాశం తేటగా ఉంటే పిట్టలు మన నెత్తి మీంచి ఆగకుండా పోతాయి; పొద్దున అడవి మామూలుగానే ఉంటుంది. దిగాలంటే అడ్డం తగలాలి. సాయంత్రం వెచ్చటి దక్షిణపు గాలితో బయల్దేరినవాటికి అర్ధరాత్రి దాటాక వానో, ఉత్తరం నుంచి చలిగాలో ఎదురైతే ఎక్కడివక్కడ దిగిపోతాయి. కాబట్టి చూడాల్సినవి మూడు: సాయంత్రం గాలి ఎటు నుంచి, రాడార్‌లో కదలిక ఎంత, రెండు మూడు గంటల వేళ వాన ఉందా. మూడూ కలిసిన రాత్రి సీజనుకి రెండో మూడో వస్తాయి. ఆ మర్నాడు ఏ మీటింగున్నా సరే, అడవిలో ఉండండి.

ఉత్తరపు గాలి వరసగా మూడు రోజులు వీస్తే కొత్తవి రావు గానీ ఉన్నవి కదలవు. నిన్న ఎవరో చూసిన పిట్టను వెతుక్కోడానికి అదే మంచి రోజు.

4. చోటు

పెద్ద అడవి అయితే పిట్టలెక్కువ దొరుకుతాయనుకోవడం పొరపాటు. తెల్లవారుజామున పైనుంచి చూసే పిట్టకి కింద కాంక్రీటు, మధ్యలో ఒక పచ్చ మచ్చ కనబడితే అన్నీ అక్కడే దిగుతాయి. ప్యాటర్సన్ ఊరి నెత్తిన ఉన్న గ్యారెట్ మౌంటెన్ అలాంటిదే. చుట్టూ ఇళ్లు, హైవేలు. మధ్యలో ఓక్‌లతో నిండిన గుట్ట, ఓ చిన్న చెరువు. ట్రాఫిక్ లేకపోతే మా ఇంటి నుంచి ముప్పావుగంట. మాన్‌హట్టన్‌లో సెంట్రల్ పార్కూ అంతే: ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి సబ్‌వేలో పోవచ్చు. 2018 మే నెలలో అక్కడ కర్ట్‌లాండ్స్ వార్బ్లర్ కనబడింది. బహామాల్లో చలికాలం గడిపి, ఎక్కువగా మిషిగన్‌లోని జ్యాక్ పైన్ అడవుల్లో గూళ్లు కట్టే పిట్ట అది. మహానగరం నడిమధ్యకి దారి తప్పి వచ్చింది.

సెంట్రల్ జెర్సీ వాళ్లకి ప్రిన్స్‌టన్‌లో ఇన్‌స్టిట్యూట్ వుడ్స్ దగ్గర. పక్కనే రోజర్స్ రెఫ్యూజ్ చిత్తడి. ఇవి దారిలో కాసేపు ఆగి పోయే పిట్టల చోట్లు. గూడు కట్టే అరుదైనవాటి కోసమైతే దూరం పోవాలి. సెరూలియన్ వార్బ్లర్‌కి డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర ఓల్డ్ మైన్ రోడ్. ప్రోథోనోటరీ, వర్మ్ ఈటింగ్, హుడెడ్ వార్బ్లర్లు, ఇవన్నీ ఒక్కచోట కావాలంటే దక్షిణాన బెల్‌ప్లెయిన్ స్టేట్ ఫారెస్ట్. అన్నట్టు కేప్ మే వార్బ్లర్ పేరు మన కేప్ మే ఊరిదే గానీ అది అక్కడ గూడు కట్టదు. దానికి ఉత్తరాది స్ప్రూస్ అడవులు కావాలి.

అడవిలోకి పోయేముందు ప్యాంటు కాళ్లు సాక్సులోకి దోపుకోండి. చూడ్డానికి బావుండదు. పిడుదులు (టిక్స్) కుడితే వచ్చే లైమ్ జబ్బు ఇంకా బావుండదు. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనకా, నడుం చుట్టూ పిడుదుల కోసం వెతుక్కోండి.

5. ఒక చెట్టు కింద ఆగండి

మన వాళ్లతో అడవికి పోతే అయిదు మైళ్ల ట్రెయిల్ పూర్తి చెయ్యాలన్న పంతం వస్తుంది. పిట్టలకి అది పనికిరాదు. మే నెలలో ఓక్ చెట్లు పూస్తాయి. పసుపుపచ్చ దారాలు జడకుచ్చుల్లా వేలాడుతుంటాయి. లేత ఆకుల మీద సన్న గొంగళిపురుగులు పుట్టేదీ అప్పుడే. వార్బ్లర్లు ఆగేది ఆ పురుగుల కోసం. అప్పుడే పూతకొచ్చిన ఓక్‌ని పట్టుకోండి. ఎండ ముందుగా పడే తూర్పు అంచున ఉంటే మరీ మంచిది, ఎండ తగిలిన వైపే పురుగు ముందు కదులుతుంది. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడి, ఇరవై నిమిషాలు కదలకండి.

మొదటి అయిదు నిమిషాలు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒక ఆకు గాలి లేకుండా కదులుతుంది.

ఎక్కడ కదిలిందో దాన్నిబట్టి సగం పేరు తెలిసిపోతుంది. చిటారుకొమ్మ అయితే బ్లాక్‌బర్నియన్, సెరూలియన్, టెనెసీ. స్ప్రూస్ చెట్టు కొసన అయితే కేప్ మే. బోదె మీద తలకిందులుగా పాకుతుంటే బ్లాక్ అండ్ వైట్. వేలాడే ఎండుటాకు చుట్టల్లో ముక్కు పెట్టి కెలుకుతుంటే వర్మ్ ఈటింగ్ వార్బ్లరే, ఎండుటాకంటే దానికంత ఇష్టం. నేల మీద కోడిపిల్లలా నడుస్తుంటే ఓవెన్‌బర్డ్. నీటి అంచున వెనక భాగం ఆడిస్తూ నడిస్తే వాటర్‌త్రష్. నడుమెత్తు పొదల్లో తోక విప్పి తెలుపు మెరిపిస్తే హుడెడ్.

పై కొమ్మల్లో ఉన్నదాన్ని కింది నుంచి చూస్తాం కాబట్టి పుస్తకంలో బొమ్మలా పక్కనుంచి కనబడదు. తోక అడుగు చూడ్డం నేర్చుకోండి. మాగ్నోలియా వార్బ్లర్ తోక అడుగున తెల్లగా ఉండి, కొస మాత్రం సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటుంది. అది చాలు, తల చూడక్కర్లేదు. రెక్క మీద తెల్ల గీతలున్నాయా, కంటి చుట్టూ వలయముందా, ఛాతీ మీద చారలున్నాయా: ఈ మూడు ప్రశ్నలకి జవాబు తెచ్చుకోండి, రంగు తర్వాత. ఆకుల నీడలో పసుపు ఆకుపచ్చగా కనబడి మోసం చేస్తుంది.

6. చెవికి తెలుగు నేర్పండి

ఇంగ్లిషు పుస్తకాల్లో ప్రతి పాటకీ ఓ ఇంగ్లిషు వాక్యముంటుంది. అవి నాకెప్పుడూ ఒంటబట్టలేదు. నావి నేను అల్లుకున్నాను. బ్లాక్ అండ్ వైట్ వార్బ్లర్ పాట నూనె పెట్టని బావి గిలక, చేద పైకొస్తున్నప్పటి కీచు. వర్మ్ ఈటింగ్ పాట దూరంగా తిరుగుతున్న కుట్టుమిషను. ఓవెన్‌బర్డ్ "ఏమిటే, ఏమిటే, ఏమిటే" అంటూ మాట మాటకీ గొంతు పెంచుతుంది, పక్కింటావిడ పోట్లాటకొచ్చినట్టు. నార్తర్న్ పరూలా పాట జిప్పు పైకి లాగి చివర్లో చటుక్కున ఆపినట్టు. బ్లూ వింగ్డ్ వార్బ్లర్ నిద్రలో ఊపిరి పీల్చి వదిలినట్టు రెండు జీరలు. మీవి మీరు అల్లుకోండి. ఎంత వెటకారంగా ఉంటే అంత గుర్తుంటాయి.

ఫోన్లో పిట్టల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్ వాడొద్దనను. 2021లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు దానికి పాట విని పేరు చెప్పే గుణం చేర్చాక కొత్తవాళ్ల పని చాలా సులువైంది. కానీ అది చెప్పింది సాక్ష్యం కాదు, ఆచూకీ మాత్రమే. ఓసారి దాని తెర మీద సెరూలియన్ అని మెరిసింది. గంటసేపు మెడ విరిచి, పక్కనున్న నలుగురినీ పిలిచి వెతికితే చివరికి ఆకుల్లోంచి బయటికొచ్చింది పరూలా. ఆ రెండింటి బుసబుస పాటలు అంత దగ్గరగా ఉంటాయి. మాకింగ్‌బర్డ్ ఒక్కటే కూర్చుని పది పిట్టల గొంతులు వినిపిస్తుంటే యాప్ పది పేర్లూ రాసేస్తుంది. పైన్ వార్బ్లర్, చిప్పింగ్ స్పారో, వర్మ్ ఈటింగ్, మూడూ ఒకే బాణీ, అక్కడా తడబడుతుంది. పేరు మెరిస్తే అటు చూడండి, కంటితో చూశాకే రాసుకోండి.

మరొకటి. ఫోన్లోంచి పాట పెట్టి పిట్టను పిలవకండి. దాని హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని తిండి మాని వెతుక్కుంటుంది. సెరూలియన్ లాంటి తగ్గిపోతున్నవాటి దగ్గర అది మరీ తప్పు.

వడ్రంగిపిట్టలు

వీటి కోసం మే దాకా ఆగక్కర్లేదు, ఆగకూడదు కూడా. మా ఊళ్లో కొబ్బరిచెట్ల మీద టకటకలాడే బంగారు వీపు వడ్రంగిపిట్ట ఏడాదంతా అక్కడే ఉండేది, వడ్రంగిపిట్టలు కూడా వలస పోతాయని ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు. న్యూజెర్సీలో మామూలుగా కనబడే ఏడు రకాల్లో ఫ్లికర్, ఎల్లో బెల్లీడ్ సాప్‌సకర్, రెడ్ హెడెడ్, ఈ మూడింటికే వలస అలవాటు ఎక్కువ.

ఫ్లికర్ తేలిక. ఏప్రిల్‌లో పచ్చిక మీద దిగి చీమల్ని తింటుంది. ఎగిరినప్పుడు నడుం మీద తెల్ల మచ్చ, రెక్కల అడుగున పసుపు.

సాప్‌సకర్ దొరకాలంటే పిట్టను కాదు, చెట్టును చూడాలి. మేపుల్, బర్చ్ బోదెల మీద గళ్లనోటు పుస్తకం గీసినట్టు అడ్డంగా వరసలు వరసలుగా చిన్న చిల్లులుంటాయి. మిగతా వడ్రంగిపిట్టలు పురుగు కోసం ఎక్కడపడితే అక్కడ పొడుస్తాయి, ఇది కొలిచినట్టు పొడుస్తుంది. నాకిది అచ్చం మన కల్లుగీత అన్నలా కనిపిస్తుంది. ఆయన పొద్దున ఓసారీ సాయంత్రం ఓసారీ అవే తాటిచెట్లెక్కి, గెలకి కొత్త కోత పెట్టి, ఊరిందాన్ని దింపుకుంటాడు. ఇదీ తను పెట్టిన చిల్లుల దగ్గరికే తిరిగి తిరిగి వచ్చి ఊరిన రసాన్ని నాలుకతో అద్దుకుంటుంది, గంటు పూడిపోకుండా పొడుస్తుంది. కుండ దగ్గరికి ఈగలు చేరినట్టు ఆ చిల్లుల దగ్గరికి చీమలు, సీతాకోకలు, ఏప్రిల్ ఆఖరున హమ్మింగ్‌బర్డ్, ఒక్కోసారి వార్బ్లర్లు కూడా చేరతాయి.

చిల్లులు ఏళ్ల తరబడి బోదె మీద ఉండిపోతాయి కాబట్టి పాతవి చూసి మోసపోకండి. ఎండిపోయి నల్లబడితే పాతవి. తడిగా మెరుస్తూ, కింద బెరడు మీద చార కారి ఉంటే ఇవాళ్టివి. అలాంటి చెట్టు దొరికితే పది అడుగులు వెనక్కి జరిగి కూర్చోండి, యజమాని వస్తాడు. వీపంతా నలుపు తెలుపు గజిబిజి, రెక్క ముడిచినప్పుడు అంచున నిలువుగా ఒక పెద్ద తెల్ల పట్టీ. నుదురు ఎరుపు, మగదానికి గొంతు కూడా ఎరుపే, ఆడదానికి తెలుపు. అరుపు పిల్లి మూలిగినట్టు ఉంటుంది.

చప్పుడుతోనూ పట్టుకోవచ్చు. డౌనీ వడ్రంగిపిట్ట డప్పు సెకనుకి ఓ 15 దెబ్బలు, లెక్కపెట్టొచ్చనిపిస్తుంది. హెయిరీది 25 దాకా, గిర్రున తిరిగినట్టుంటుంది. పైలియేటెడ్ పెద్ద మోతతో మొదలై చివర్లో సన్నగిల్లుతుంది. సాప్‌సకర్ మాత్రం గబగబా నాలుగైదు కొట్టి, తర్వాత ఆగి ఆగి, టక్... టక్ టక్... టక్ అంటూ మర్చిపోయినవాడు గుర్తు తెచ్చుకున్నట్టు కొడుతుంది. ఒకసారి విన్నాక మరి దేనితోనూ పొరబడరు.

రెడ్ హెడెడ్ వడ్రంగిపిట్ట న్యూజెర్సీలో ప్రమాదపుటంచున ఉన్నవాటి జాబితాలో ఉంది. దీన్ని చూశామని చెప్పేవాళ్లలో చాలామంది చూసేది రెడ్ బెల్లీడ్‌ని. తప్పు వాళ్లది కాదు, పేరు పెట్టినవాళ్లది. రెడ్ బెల్లీడ్ పొట్ట మీద ఎరుపు కనబడీ కనబడనట్టుంటుంది, నెత్తి మీద మాత్రం కొట్టొచ్చినట్టుంటుంది. అసలు రెడ్ హెడెడ్‌కి తల, గొంతు, మెడ అంతా కుంకుమ భరిణెలో ముంచి తీసినట్టు ఒకే ఎరుపు. వీపు నలుపు, రెక్కల కింది సగం తెల్లటి పెద్ద పలక. దట్టమైన అడవిలో వెతక్కండి. నీళ్లు నిలిచి చచ్చిన చెట్లు మోడులై నిలబడ్డ చోట, అడుగున పొదలు లేని ఓక్ తోపుల్లో చూడండి. ఓషన్ కౌంటీలోని కొలియర్స్ మిల్స్ దీనికి పేరున్న చోటు. మోడు కొసన కూర్చుని, ఉన్నట్టుండి గాల్లోకి లేచి ఈగను పట్టి మళ్లీ అక్కడికే వచ్చే వడ్రంగిపిట్ట కనిపిస్తే, రంగు చూడకముందే గుండె వేగం పెరగాలి.

రాసుకోవడం

అరుదైనదాన్ని ఈబర్డ్‌లో, అంటే పిట్టల్ని చూసినవాళ్లు రాసిపెట్టే వెబ్‌సైట్‌లో పెడితే, ఆ కౌంటీలో పరిశీలించే వాళ్లు ఆధారం అడుగుతారు. అడగడం అవమానం కాదు. పిట్ట ఎదురుగా ఉండగానే చూసినవి ఫోన్లో గొంతుతో రికార్డు చేసుకోండి: ఎంత ఎత్తున, ఏ చెట్టు, ఏం చేస్తోంది, ఏ భాగం చూశాను, ఏది చూడలేదు. ఇంటికొచ్చి పుస్తకం తెరిచాక రాస్తే కన్ను చూసింది కాకుండా పుస్తకంలో ఉన్నది రాస్తాం. పాట మాత్రమే విన్నా రికార్డింగు పెట్టొచ్చు. గూడు కనబడితే చోటు రాయకండి.

గార్డు పెట్టె

మే మూడో వారానికి బ్లాక్‌పోల్ వార్బ్లర్ పాట వినబడుతుంది. సన్నటి సిట్-సిట్-సిట్, నడివయసు దాటినవాళ్లలో కొందరికి అసలు వినబడదు. అది వినబడిందంటే రైలుకి గార్డు పెట్టె వచ్చిందన్నమాట. చాలామంది బైనాక్యులర్స్ లోపల పెట్టేస్తారు. సరిగ్గా అప్పుడే మోర్నింగ్ వార్బ్లర్ వస్తుంది. ఏడాదంతా ఎదురుచూసినా మహా అయితే ఒక్కసారి కనబడే పిట్ట.

దాన్ని నేను చూసింది గ్యారెట్ మౌంటెన్ చెరువు పక్కన, జారి పడ్డ ఓ చెట్టు చుట్టూ అల్లుకున్న ముళ్లపొదలో. ముందు గొంతు వినబడింది, దొర్లించినట్టు రెండు మాటలు పైకి, రెండు కిందికి. ఆ తర్వాత నలభై నిమిషాలు ఏమీ లేదు. మోకాళ్ల మీద కూర్చున్నాను, ఫ్లాస్కులో చాయ్ చల్లారిపోయింది, పక్కన నిలబడ్డ పెద్దాయన గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. పొద అడుగున, జానెడెత్తులో ఒక ఆకు కదిలింది. బూడిదరంగు తల, ఛాతీ మీద మసి పులిమినట్టు నల్లటి మచ్చ, పొట్ట పసుపు. రెండు గెంతులు వేసి మోడు మీదికొచ్చి, నోరు పెద్దగా తెరిచి ఒకసారి పాడి, పొదలోకి జారిపోయింది. మొత్తం నాలుగు సెకన్లు.